కార్డు కింది పేర్లు

5 అక్టోబర్ 2025, ఆదివారం

నేను ఏడ్చింది బాసిత్ భాయ్ పెళ్ళి కుదిరినందుకు కాదు. కానీ ఇంట్లో తీర్పు వచ్చేసింది. వంటింట్లోంచి అమ్మీ, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత తేలిగ్గా, "దానికి కుళ్ళు. అన్నకు అవుతోంది, తనకు కాలేదని" అంది. బాసిత్ భాయ్ అయితే గదిలోకి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "ఫికర్ నక్కో కర్, నీకు కూడ చూస్తం" అన్నాడు. ఈ ఇంట్లో ఇరవై రెండేళ్ళ ఆడపిల్ల తలుపేసుకుంటే ఒకటే అర్థం. తలనొప్పికి వేసుకోదు, చదువుకోడానికి వేసుకోదు, ఊరికే వేసుకోదు.

ఇది తెలుగులో రాస్తున్నాను కాబట్టి దాచాల్సిన పని లేదు. అమ్మీ చదివేది ఉర్దూ. అబ్బా తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ బడిలో నేర్చింది ఉర్దూ అక్షరాలే. బాసిత్ భాయ్ దోహాలోనే పెరిగాడు, అతనికి ఇంగ్లీషు. నన్నొక్కదాన్నే రెండేళ్ళప్పుడు జగిత్యాలలో దాదీకి, అంటే అబ్బా వాళ్ళమ్మకు, తోడుగా వదిలారు. దాదీ దగ్గర పద్దెనిమిదేళ్ళు, తెలుగు మీడియం బడి, అక్కడే డిగ్రీ; దాదీ పోయాకే దోహా వచ్చాను. ఆ చదువు వల్ల నాకు దక్కింది ఇదే: టేబుల్ మీద తెరిచిపెట్టినా ఇంట్లో ఎవరూ చదవలేని డైరీ.

పెళ్ళి కార్డు నమూనా చూసి ఏడ్చాను. సంతోషంతోనే అయుంటుంది.

6 అక్టోబర్

కార్డు గురించి సరిగ్గా రాయాలి.

మా వాళ్ళ పెళ్ళి కార్డుల్లో కింద ఒక జాబితా ఉంటుంది. దాని మీద 'చష్మ్ బరాహ్' అని రాస్తారు. మీరొచ్చే దారి మీద కళ్ళు పెట్టుకుని ఎదురుచూసేవాళ్ళు అని. పెళ్ళికొడుకు చిన్నాన్నలు, బావలు, అన్నలు. అంతా మగవాళ్ళే. కార్డు చేతికి రాగానే పెద్దవాళ్ళు ముందు చదివేది ఈ జాబితానే: ఎవరి పేరు పైన, ఎవరిది కింద, ఎవరిది అసలు లేదు.

ఈసారి అబ్బా ఆడవాళ్ళ పేర్లు కూడా వేయిస్తున్నాడు. "మన ఖాందాన్ల ఎంతమందిమి ఉన్నమో అందరం కనబడాలె" అన్నాడు. పద్నాలుగు పేర్లు. మొదటిది అబ్బాది, రఫీయుద్దీన్. రెండోది అబ్బా తమ్ముడు మతీన్ చచ్చాది. పదకొండోది నాది: రుక్సార్ ఫాతిమా, బి.ఎ.

బి.ఎ. కూడా పెట్టించాడు. నేను అడగలేదు. ఎవరూ నన్ను అడగలేదు కూడా.

జీనత్ ఫుప్పో పేరు లేదు. అబ్బాకు ఉన్న ఒక్క చెల్లెలు. ఆమె భర్త గయాజ్ ఫుప్పా పేరూ లేదు. వాళ్ళు ఉండేది ఐన్ ఖాలిద్‌లో. మా అబూ హమూర్ నుంచి సిగ్నళ్ళు కలిసొస్తే పది నిమిషాలు.

7 అక్టోబర్

నేను పాఠాలు చెప్పే బడిలో ప్రతిమ మేడమ్ పిలిచి పని అప్పజెప్పింది. ఈ నెల 24 ఐక్యరాజ్యసమితి దినం, ఆ రోజు శుక్రవారం, ఇక్కడ సెలవు కాబట్టి బడిలో గురువారమే చేస్తారు. ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు, నాలుగు నిమిషాలు, అంశం 'ఆ పేరు ఎలా వచ్చింది'. "మీరు హిస్టరీ కదా, చక్కగా రాసిపెట్టండి. పిల్లల మనసుకి హాయిగా ఉండాలి" అంది. మేడమ్‌ది విజయవాడ. ఏ పని చెప్పినా పెరుగన్నం పెడుతున్నట్టే చెబుతుంది.

సరే. హాయిగా.

9 అక్టోబర్, గురువారం

హాయిగా లేదు.

నేను అనుకున్నది, యుద్ధం అయిపోయాక అందరూ కూర్చుని ఒక మంచి పేరు పెట్టుకున్నారని. కాదు. పేరు యుద్ధం మధ్యలో పుట్టింది, యుద్ధం కోసం పుట్టింది. 1941 డిసెంబర్ చివర వాషింగ్టన్‌లో ఒక ప్రకటన రాసుకున్నారు. చిత్తుప్రతిలో 'అసోసియేటెడ్ పవర్స్' అని ఉంది. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు అది చప్పగా అనిపించి 'యునైటెడ్ నేషన్స్' అన్నాడు. బ్రిటన్ ప్రధాని స్నానం చేస్తున్న గదికే వెళ్ళి ఆ మాట చెప్పాడని ఒక కథ కూడా ఉంది. 1942 జనవరి ఒకటిన నాలుగు పెద్ద దేశాలు సంతకం పెట్టాయి. మర్నాడు మిగతా ఇరవై రెండు, ఇంగ్లీషు అక్షరాల వరుసలో.

మనం తెలుగులో సమితి అని చేర్చాం. ఇంగ్లీషులో ఆ మాట లేదు. మూడేళ్ళకు పైగా 'యునైటెడ్ నేషన్స్' అంటే యుద్ధంలో ఒక పక్షం, అంతే. సంతకం పెట్టినవాళ్ళు ఇచ్చిన మాటలు రెండు. ఉన్న బలగమంతా యుద్ధానికి పెట్టాలి. శత్రువుతో ఎవరూ విడిగా సంధి చేసుకోకూడదు.

ఇంకొకటి. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కో సభకు పిలుపు కావాలంటే మార్చి ఒకటి లోగా యుద్ధం ప్రకటించి ఉండాలి. ఇక్కడ పక్కనున్న సౌదీ కూడా సరిగ్గా ఆ చివరి రోజుల్లోనే ప్రకటించింది. శాంతి సభలో కుర్చీ కావాలంటే ముందు యుద్ధంలో పేరు రాయించుకోవాలి.

రాత్రి అన్నాల దగ్గర చెప్పాను. అబ్బా, "అట్లనే ఉంటది బిడ్డా, శత్రువు లేనిది దోస్తీ యాడ?" అన్నాడు. బాసిత్ భాయ్ ఫోన్లోంచి తలెత్తలేదు. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెళ్ళి షేర్వానీ రంగు మీద ఓటింగ్ జరుగుతోంది. గ్రూపు పేరు 'హమ్ సబ్ ఏక్'. మనమంతా ఒకటి. దాని మీద గుండె బొమ్మ.

10 అక్టోబర్, శుక్రవారం

ఉమ్ సలాల్ వెళ్ళొచ్చాం. మతీన్ చచ్చా అక్కడ ఒక ఖతరీ పెద్దాయన తోటకు సూపర్‌వైజర్. శుక్రవారాలు యజమాని రాకపోతే మేమంతా అక్కడ చేరతాం. ఖర్జూరం చెట్ల కింద తివాచీ, మధ్యలో పెద్ద పళ్ళెం, గేటు పక్కన మేకలు.

భోజనాలయ్యాక ఎవరో కార్డు మాట ఎత్తారు. పెళ్ళివారికి ఏం చెప్పాలి, అసలు చెల్లెలి పేరు లేకపోతే అడగరా అని. దాంతో అబ్బా మళ్ళీ మొదలుపెట్టాడు. నాకు వరస బట్టీ వచ్చు.

"అమ్మ పోయిందని నాకు సాయంత్రం ఆరింటికి తెల్సింది. సైటుల ఫోన్లు లాకర్ల పెట్టాలె, ఏం జెయ్యాలె. తెరిస్తే ఒక్క మిస్డ్ కాల్. ఒక్కటి. దాని మీద నా బిడ్డ పేరు ఉండె. పిల్ల అయినా ఫోన్ కొట్టింది. జీనత్ కొట్టలే. అప్పటికే మట్టిచ్చిండ్రు. ఆగుంటే తెల్లారి తొమ్మిదింటికి నేను జగిత్యాలల ఉంటుంటి."

ఇక్కడ ఆగుతాడు. ఎప్పుడూ ఇక్కడే ఆగుతాడు.

"సరే, ఎండాకాలం, ఆగలే అనుకుందం. మజీదు పెద్దలకు ఏం చెప్పింది? రఫీ భాయ్ కానిచ్చేయమన్నడు అని చెప్పింది. నేను అన్ననా? నా నోట్లకెళ్ళి మాట ఎవరు దీసిండ్రు? నా పేరు మీద అబద్ధం."

మతీన్ చచ్చా తల ఊపుతూ, "అందుకే గ్రూప్ వెట్టిన ఆనాడే. ఎవ్వలు విడిగ మాట్లాడొద్దు. మాట్లాడితే అందరం ఒక్కసారి మాట్లాడుదం, లేకుంటే లేదు" అన్నాడు.

మరిచిపోయాను. ఆ గ్రూపు పుట్టింది అప్పుడే. దాదీ పోయిన నాలుగో రోజు. పోయిన ఏడు చేరిన చిన్నపిల్లలు అది ప్రేమతో పెట్టిన పేరే అనుకుంటారు. చిన్నపిల్లలేం, ఇవాళ పొద్దుటిదాకా నేనూ దాంట్లో గుండె బొమ్మలు పెడుతూనే ఉన్నాను.

అబ్బా ఒక్క మిస్డ్ కాల్ అంటాడు. నేను నాలుగుసార్లు చేశాను. అబ్బాకు సరిగా గుర్తుండదు.

12 అక్టోబర్

రెండు మూడుసార్లు అయుండొచ్చు.

14 అక్టోబర్, మంగళవారం

ప్రతిమ మేడమ్ నా స్క్రిప్టు మీద ఎర్ర పెన్ను పెట్టింది. బాంబులు పోయాయి. విడిగా సంధి పోయింది. మార్చి ఒకటి పోయింది. స్నానాల గది కథ ఉంచింది. "పిల్లలు నవ్వుతారు కదమ్మా, బావుంటుంది."

"మేడమ్, పేరు యుద్ధంలో పుట్టిందన్నదే కదా అంశం?"

"పుట్టుక ఎక్కడైతే ఏంటి, పెరిగి మంచిపని చేస్తోందిగా. జూన్‌లో ఇక్కడికి క్షిపణులు వచ్చిన రాత్రి మిద్దెల మీద నిలబడి ఆకాశంలో ఆ నిప్పులు చూశారు ఈ పిల్లలు. మళ్ళీ స్టేజి మీద కూడా యుద్ధమేనా? ఒక పావురం బొమ్మ పెట్టండి."

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. నాకు చిరాకు ఎందుకొచ్చిందో తెలీదు. స్టాఫ్ రూంలో కూర్చుని పావురం బొమ్మ కత్తిరించాను. తోక సరిగా రాలేదు.

16 అక్టోబర్, గురువారం

హోల్‌సేల్ మార్కెట్లో ఫుప్పో కనిపించింది.

ఆకుకూరల వరసలో నిలబడి పుదీనా కట్టలు వాసన చూస్తోంది. దాదీ లాగే, కట్టను ముక్కుకు ఆనించి కళ్ళు మూసుకుని. అమ్మీ చూసింది. ఒక్క మాట లేకుండా ట్రాలీ తిప్పేసింది. చక్రం ఒకటి తిరగక కీచుమంది. నేను ఉల్లిగడ్డల సంచి వంకతో వెనకబడ్డాను.

సలాం పెట్టాను.

"బక్కగైనవ్" అంది. తర్వాత, "కార్డు మీద నీ పేరు పడుతదట గద. బి.ఎ. అని కూడ ఏస్తున్నరట. దాదీ ఉంటే ఊరంత జూపిస్తుండె."

ఎవరు చెప్పారో. ఆమె ముఖంలో వెక్కిరింపు కోసం వెతికాను. దొరకలేదు. దొరికితే బాగుండేది.

"పో బిడ్డా, మీ అమ్మీ పిలుస్తది మల్ల" అని పుదీనా కట్ట ఒకటి నా సంచిలో వేసింది.

కారులో అమ్మీ అడిగింది, ఆమె ఏమైనా అన్నదా అని. లేదన్నాను. పుదీనా మేం కొన్నదే అనుకుని అమ్మీ రాత్రి చట్నీ చేసింది. నేను తినలేదు. "చూశావా, ఆకలి కూడా చచ్చింది దానికి. తొందరగా ఏదో ఒక సంబంధం చూడాలి" అంది అబ్బాతో.

17 అక్టోబర్

ఉమ్ సలాల్ పోలేదు. కడుపునొప్పి అన్నాను.

19 అక్టోబర్, ఆదివారం

రిహార్సల్‌లో జైబా చెయ్యెత్తింది. నలుగురిలో చిన్నది, జడ చివర నములుతూ ఆలోచిస్తుంది.

"మిస్, ఇరవై ఆరు దేశాల లిస్టులో ఇండియా ఉంది. 1942లో మనకు స్వాతంత్ర్యం లేదు కదా. మరి ఎవరు పెట్టారు సంతకం?"

"వాషింగ్టన్‌లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం తరఫు అధికారి."

"మనల్ని అడగకుండా?"

"అడగకుండానే."

"మరి స్వాతంత్ర్యం వచ్చాక ఆ సంతకం మాది కాదు అన్నారా?"

"లేదు. ఉంచుకున్నారు. ఆ సంతకం వల్లే మొదటి సభ్యుల్లో మన పేరుంది."

"అయితే మనదే మిస్" అని జడ మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

ఈ వారమంతా నేను మనసులో వాడుకుంటున్నది ఆ ఇండియా సంగతే. నా పేరు వేరేవాళ్ళు వేశారు, నన్ను అడగలేదు, నేను ఏం చెయ్యగలను అని. ఎనిమిదో తరగతి పిల్ల ఒక్క ముక్కలో తీసేసింది.

సాయంత్రం బస్సు ఆలస్యమైతే గేటు దగ్గర హన్మాండ్లు కుర్చీ వేశాడు. మెట్‌పల్లి మనిషి, బడి సెక్యూరిటీ. జగిత్యాల దాన్నని తెలిసినప్పటి నుంచి నాతో ఊరి తెలుగే. వాళ్ళ నాయన పోయి మొన్నటికి ఏడాదట. ఇక్కణ్ణుంచి పోలేకపోయాడు. వీడియోలో చూశాడు.

నేను ఎందుకడిగానో, అడిగాను. "మీరొచ్చేదాకా ఆపితే బాగుండు అనిపించిందా?"

"ఏడ ఆపుతరు టీచరమ్మా. సెలవు దొర్కాలె, టికెట్ దొర్కాలె. ఆపినా నేను పోయేటట్టు లేకుండె." కాసేపు గేటు గొళ్ళెం సవరించాడు. "గని మా తమ్ముడు ఫోన్ జేసి, అన్నా, ఆపుమంటవా, కానియ్యుమంటవా అని అడిగిండు. కానియ్యి అన్న. గా ఒక్క మాట అడిగిండు సూడుండ్రి, అంతే సాలు. పెద్దకొడుకును అన్నట్టు ఉండె. అడగకుంటె నేను మనిషినే కాకపోదును."

బస్సు వచ్చింది. ఎక్కాను. అబూ హమూర్ అంతా తిరిగి దిగేదాకా కిటికీలోంచి ఏం చూశానో గుర్తులేదు.

20 అక్టోబర్

రాస్తాను.

రెండున్నరేళ్ళ కింద, మే నెల. దాదీ పొద్దున పదింటికి పోయింది. నాకు ఇరవై. ఇంట్లో నేను, రెండు వీధుల అవతలి నుంచి పరుగున వచ్చిన ఫుప్పో. గయాజ్ ఫుప్పా అప్పటికే దోహాలో; ఫుప్పో తర్వాత వచ్చింది. నలభై ఆరు డిగ్రీల ఎండ. మజీదు పెద్దలు వచ్చి, సాయంత్రం అసర్ నమాజు తర్వాత కానిద్దాం అన్నారు. ఫుప్పో ఒప్పుకోలేదు. "మా భాయ్‌ను అడగాలె. ఆగుమంటే రేపటిదాంక ఆగుదం. ఐసుపెట్టె తెప్పిస్త" అంది. ఆమె చేతులు రెండూ దాదీ పనిలో ఉన్నాయి. నాకు చెప్పింది: "మీదికి పోయి మీ అబ్బాకు ఫోన్ చెయ్యి. ఆయన ఎట్లంటే అట్ల."

మిద్దె మీదికి వెళ్ళాను. ఫోన్ చేశాను. ఎనిమిది రింగులు. ఎత్తలేదు.

ఒక్కసారి. ఒక్కసారే చేశాను.

అబ్బా ఆగమంటాడని తెలుసు. ఆగమంటే ఐసుపెట్టె వస్తుంది. ఆ రాత్రి ఆ పెట్టె ఉన్న ఇంట్లో నేను పడుకోవాలి. నాకు భయమేసింది. పద్దెనిమిదేళ్ళు నన్ను పక్కలో పడుకోబెట్టుకున్న మనిషి అంటే భయమేసింది. సాయంత్రానికల్లా అయిపోతే బాగుండు అనిపించింది. కిందికి దిగి, అబ్బా కానిచ్చేయమన్నడు అన్నాను.

ఫుప్పో ఆ మాటనే పెద్దలకు చెప్పింది.

దోహాలో ఆరింటికి, మాకు రాత్రి ఎనిమిదిన్నరకు, అబ్బా ఫోన్ చేశాడు. ఫుప్పో ఎత్తింది. అవతలి నుంచి అరుపు నాక్కూడా వినిపించింది: నేనెప్పుడన్నా, నేనెప్పుడన్నా అని. ఫుప్పో నా వైపు చూసింది. ఫోన్ చెవి దగ్గరే ఉంది. నా పేరు బయటపెట్టడానికి ఒక్క మాట చాలు. "తప్పయింది భాయ్" అంది.

ఆ తర్వాత నన్ను ఎప్పుడూ అడగలేదు. మర్నాడు నాకు టీ పెట్టి ఇచ్చింది.

అబ్బా పేరు మీద నేను అబద్ధం చెప్పాను. ఆయన్ని అడగకుండా ఆయన సంతకం పెట్టాను. ఇప్పుడు కార్డు మీద నా పేరు నన్ను అడగకుండా వేశారని గింజుకుంటున్నాను.

21 అక్టోబర్

చెప్పాలి. పెళ్ళి అయ్యాక చెబుతాను. డిసెంబర్ ఎంతో దూరం లేదు. అప్పటికి అందరి మనసులూ మెత్తబడతాయి.

22 అక్టోబర్

కార్డు శనివారం ప్రింటుకు వెళ్తుందట.

23 అక్టోబర్, గురువారం

కార్యక్రమం బాగానే జరిగింది. పావురం ఒకసారి ఊడింది, టేపు వేశాం. స్నానాల గది దగ్గర పిల్లలు నవ్వారు. జైబా తన వంతు చదివి, కాగితంలో లేని వాక్యం ఒకటి కలిపింది: "ఇది ముందు యుద్ధంలో ఒక పక్షం పేరు, విడిగా ఎవరూ రాజీ పడకూడదని ఒట్టు కూడా పెట్టుకున్నారు." ప్రతిమ మేడమ్ నన్ను చూసింది. నేను పావురాన్ని చూశాను.

తర్వాత మేడమ్ కోప్పడలేదు. "మీరే నేర్పారా?" అంది. లేదన్నాను. నిజమే చెప్పాను. ఎంత తేలిగ్గా ఉందో.

24 అక్టోబర్, శుక్రవారం

ఉమ్ సలాల్. జుమా నమాజు అయ్యాక అందరూ తివాచీ మీద, అన్నం పళ్ళెం చుట్టూ. మతీన్ చచ్చా కార్డు ఆఖరి నమూనా ఫోన్లో తెరిచి ఒక్కొక్కరికీ చూపించాడు. "రేపు ప్రింటుకు పోతది. తర్వాత నా పేరు ఇట్లొచ్చింది అట్లొచ్చింది అంటే ఊకోను. అందరు చూసి ఓకే అనుండ్రి."

ఒక్కొక్కరూ ఓకే అన్నారు. చచ్చా కొడుకు కామ్రాన్ తన పేరు పన్నెండోది ఎందుకని గొణిగి, ఓకే అన్నాడు. ఫోన్ నా చేతికి వచ్చింది.

"అబ్బా," అన్నాను, "ఆ రోజు ఫుప్పో అబద్ధం చెప్పలే. నేను చెప్పిన."

తెలుగులోనే వచ్చింది నోట్లోంచి. అందరికీ అర్థమయ్యేలా మళ్ళీ మా ఇంటి ఉర్దూ, దక్నీలో చెప్పాను. మిద్దె, ఎనిమిది రింగులు, ఐసుపెట్టె, నా భయం. వరసగా, ఆపకుండా. మధ్యలో అమ్మీ రెండుసార్లు నా మోచేయి పట్టుకుంది.

అందరికంటే ముందు అమ్మీయే తేరుకుంది. "ఇది జీనత్ నేర్పిన మాట. మొన్న మార్కెట్లో వెనక ఉండిపోయింది ఇందుకే. పిల్ల మనసు మంచిది, నింద తన మీద వేసుకుంటోంది."

బాసిత్ భాయ్, "రుక్సార్, నా పెళ్ళి నీకు ఇంత బాధ అని నాకు తెల్వదు" అన్నాడు. ఇందులోనూ అతని పెళ్ళే.

"నేర్పిన మాట కాదు. అబ్బా, మీ ఫోన్ల ఒక్కటే మిస్డ్ కాల్ ఉండె. మీరే చెప్తరు గద ఎప్పుడు. ఒక్కటే ఎందుకుందో ఎవ్వలన్న అడిగిండ్రా? ఇంట్ల మనిషి పోతే ఒక్కసారి చేసి ఊకుంటరా ఎవరన్న?"

అబ్బా చేతిలో అన్నం ముద్ద అట్లాగే ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టేసి లేచి కొళాయి దగ్గరికి వెళ్ళాడు. నీళ్ళు చాలాసేపు పారాయి.

మతీన్ చచ్చా గొంతు తగ్గించి, "సరే, నిజమే అనుకుందం" అన్నాడు. "ఇప్పుడేం జేద్దం? రెండున్నర ఏండ్లు జగిత్యాల నుంచి జెద్దా దాంక అందరికి జీనత్ తప్పు అని చెప్పుకుంటొచ్చినం. ఇప్పుడు కార్డు మీద దాని పేరెక్కితే తప్పు మనదని మన చేతులతోని అచ్చేసుకున్నట్టే. పిల్ల చెప్పింది, మనం విన్నం. ఇది ఈ తివాచీ మీదనే ఉండాలె. అందరం ఒక్కటి గద."

తలలు ఊగాయి. నేను అన్నీ ఊహించుకున్నాను: తిడతారు, కొడతారు, ఏడుస్తారు. నిజం తెలిశాక కూడా జాబితా అట్లాగే ఉంటుందని ఊహించలేదు. గొడవకు కారణం పోయింది. గొడవలో పెట్టుకున్న పేరు మాత్రం ఉంది, గుండె బొమ్మతో సహా.

తిరిగి వచ్చేటప్పుడు అబ్బా రేడియో పెట్టలేదు. అమ్మీ వెనక సీట్లో నిద్రపోయింది, లేదా పోయినట్టు ఉంది. అబూ హమూర్ సిగ్నల్ దగ్గర ఎర్రలైటు.

"ఎనిమిది రింగులా?" అన్నాడు, ముందుకే చూస్తూ.

"ఆ."

"లాకర్ల మోగుంటది."

లైటు ఆకుపచ్చ అయింది. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా ఆయన కదల్లేదు.

ఇంటి ముందు కారు ఆపాక, తాళం తీయకుండా, "నువ్వు మల్లొక్కసారి చేసుంటే ఎత్తుదునేమో బిడ్డా" అన్నాడు. తిట్టినట్టు లేదు. "కార్డు రేపు పోనియ్యి. పెండ్లి కానియ్యి. తర్వాత చూద్దం జీనత్ సంగతి, అందరం కలిసి" అన్నాడు.

అందరం కలిసి.

25 అక్టోబర్, శనివారం

పొద్దున ఏడింటికి హైదరాబాద్‌లో కార్డు తయారుచేస్తున్న డిజైనర్‌కు నేనే మెసేజ్ పెట్టాను: పదకొండో పేరు తీసేయండి. ఎవరు చెబుతున్నారు అని అడిగాడు. పదకొండో పేరు చెబుతోంది అన్నాను. తీసేసి కొత్త నమూనా పంపాడు. పదమూడు పేర్లు. కామ్రాన్ పదకొండోవాడయ్యాడు.

ఆ నమూనా గ్రూపులో పెట్టి, గ్రూపులోంచి బయటికి వచ్చేశాను.

అమ్మీ తలుపు అవతల ఎవరితోనో ఫోన్లో అంటోంది, పిల్లకు పెళ్ళి మీద బెంగ అని. అననీ.

అబ్బా హాల్లో ఉన్నాడు. చెప్పాను. మీరందరూ కలిసి ఎప్పుడు వెళ్తారో నాకు తెలీదు, నేను ఇవాళ వెళ్తున్నాను అని. వద్దనలేదు, సరే అనలేదు. "పుదీన తీస్కపో. దానికిష్టం" అన్నాడు. మొన్నటి చట్నీలో పుదీనా ఎక్కడిదో ఆయనకు తెలుసని అప్పుడర్థమైంది.

నాలుగింటికి ఐన్ ఖాలిద్ వెళ్తున్నాను. జరిగింది గయాజ్ ఫుప్పా ముందు చెబుతాను. వాళ్ళిద్దరినీ పెళ్ళికి నేను పిలుస్తాను. వస్తే వాళ్ళతో వస్తాను. వాళ్ళు రాకపోతే నేను రాను.